ఏడో నంబరు డబ్బాలో ఇనుము

సోమవారం పొద్దున ఏడుంబావుకి తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు గారు భోజనాల బల్ల మీద రెండు కంచాలు పెట్టి, మధ్యలో త్రాసు పెట్టి, యజ్ఞానికి కూర్చున్నంత నిష్ఠగా కూర్చున్నారు. పథకం చాలా తేలిక. ఆయన ఏది తింటే అది, ఎంత తింటే అంత రెండో కంచంలోనూ పెట్టాలి. మొదటి కంచం ఆయన పొట్టలోకి, రెండో కంచం తెల్లమూత డబ్బాలోకి. ఆఫీసుకు వెళ్తూ దారిలో ఆ డబ్బాను పోషకాహార పరిశోధనశాలలో ఇచ్చేయాలి. మొత్తం పద్నాలుగు రోజులు. ఇందులో చెడిపోవడానికి ఏముంది అనుకున్నారాయన.

అసలు సంగతి మొదలైంది ఆఫీసు నోటీసు బోర్డు దగ్గర. "పరిశోధనకు ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళు పదిమంది కావలెను" అన్న కాగితం చూసి ఆయన ఆగిపోయారు. యాభై ఒక్క ఏళ్ళ జీవితంలో ఆయనను ఎవరూ ఆరోగ్యవంతుడని అధికారికంగా అనలేదు. వెళ్ళి రక్తం ఇచ్చారు. "మీరు నిక్షేపంగా ఉన్నారు సార్" అంది అక్కడి శాస్త్రవేత్త. ఆ మాట కాగితం మీద రాసివ్వగలరా అని అడిగి, రాయించుకుని, సంచిలో దాచుకుని, ఏడో నంబరు సభ్యుడిగా సంతకం పెట్టారు.

శాస్త్రవేత్త ముప్ఫై అయిదేళ్ళ మనిషి. ఓపికగా చెప్పింది. ఒంట్లోంచి రోజూ కాస్త ఇనుము పోతూ ఉంటుంది. అది తిండితోనే పూడాలి. కానీ తిన్న ఇనుమంతా ఒంటికి పట్టదు, అందులో కొద్ది వంతే పడుతుంది. అందుకని ఆరోగ్యంగా ఉన్న మనిషికి లోటు రాకుండా ఉండాలంటే రోజుకు ఎంత ఇనుము తినాలి అన్నది తేల్చడానికి, ముందు ఎంత తింటున్నాడో ఖచ్చితంగా తెలియాలి.

"అడిగి రాసుకోవచ్చుగా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"అడిగితే జనం తిన్నది చెప్పరు సార్, తినాల్సింది చెప్తారు" అంది ఆమె.

ఆ మాటతో ఆయనకు ఆమె మీద గౌరవం పుట్టుకొచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా అంగళ్ళ వాళ్ళ గురించి ఆయన అంటున్నదీ అదే మరి. సంతకం పెట్టిన కాగితంలో మూడో నిబంధన ఆయనకు ఇంకా నచ్చింది. "ఇంట్లో రోజూ వండేదే వండాలి. పరీక్ష అని ప్రత్యేకంగా వండితే ఫలితం చెడుతుంది." నిబంధనను నూటికి నూరుపాళ్ళు పాటించాలంటే ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పకపోవడమే మేలని ఆయన తీర్మానించుకున్నారు. జరిగినదానికంతటికీ మూలం ఆ తీర్మానమే.

"ఏవండీ, రెండు కంచాలెందుకు?" అని అడిగింది భార్య, పప్పుగిన్నె తెచ్చి పెడుతూ.

"ఆఫీసు పని."

"తినడం ఆఫీసు పనా?"

"ఒక విధంగా."

ఆయన అన్నం తూచారు, పప్పు తూచారు. రెండో కంచంలో పప్పు నాలుగు గ్రాములు ఎక్కువైందని చెంచాతో తీసి గిన్నెలో వేశారు. ముల్లు వంక ఒంటికన్నుతో చూసి, మళ్ళీ ఒక బొట్టు పోశారు. టీ సగం చిన్న సీసాలోకి వంచారు. మధ్యాహ్నం క్యారేజీలోకి ఏం వెళ్తే అదీ డబ్బాలోకి వెళ్ళింది. రాత్రి భోజనం వంతు మర్నాటి డబ్బాలోకి. ఈలోగా మొదటి కంచం చల్లారి గట్టిపడింది. ఆ ఇంట్లో పప్పును కత్తిరించి తినడం అదే మొదటిసారి.

వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారు ఇదంతా చూశారు. మోకాలి నొప్పి తగ్గేదాకా ఉందామని వచ్చారావిడ. నొప్పి తగ్గి మూడు నెలలైంది. ఇల్లు మాత్రం ఆసక్తికరంగానే ఉండడం వల్ల ఉండిపోయారు.

"అల్లుడుగారికి పైన ఏమైనా తేడా చేసిందా అమ్మాయ్?" అని ఆవిడ కూతుర్ని చాటుగా అడిగారు.

"ఆయన ఎప్పుడూ అంతేగా అమ్మా. చిటికెడంటే ఎన్ని గ్రాములని పెళ్ళయిన వారానికే అడిగారు."

"నువ్వేం చెప్పావు?"

"చిటికెడంటే చిటికెడే అన్నాను. ఇప్పటికీ ఒప్పుకోలేదు."

మంగళవారం సాయంత్రం ఆయన తెచ్చిన ఖాళీ డబ్బాను తోముతుంటే దాని అడుగున అతికించిన చీటీ భార్య కంటబడింది. మామూలుగా దాన్ని పరిశోధనశాలలోనే పీకేస్తారు. ఆ రోజు ఎవరో మరిచిపోయారు. "నమూనా. నం. 7. ఇనుము. పరీక్షకు" అని నీలిరంగు అక్షరాలు. ఆవిడ చేతిలో సబ్బు నురగ అలాగే ఆగిపోయింది.

నమూనా అన్న మాట ఆ ఇంట్లో కొత్తది కాదు. నమూనా తీశారంటే ఆ అంగడివాడికి మూడినట్టే. భర్త నోట అది ఎన్నిసార్లు విందో. ఇప్పుడు ఆ మాట తన పప్పుకి తగిలింది. దానికి తోడు కిందటి వారం ఆయన కూర నోట్లో పెట్టుకుని, "ఏదో లోహం రుచి వస్తోందోయ్" అన్న సంగతి కూడా గుర్తొచ్చింది.

"అమ్మా, ఇలా రా" అంది. గొంతు తేడాగా ఉండేసరికి అత్తగారు మోకాలి సంగతి మరిచి పరుగున వచ్చారు. చీటీ చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఒసేయ్! నీ వంటని పరీక్షకి పంపిస్తున్నాడే!"

"ఇరవై నాలుగేళ్ళు తిని, ఇప్పుడు నమూనా తీస్తున్నారా?" అంది కూతురు. కన్నీళ్ళు రాలేదు కానీ వచ్చే దారిలోనే ఉన్నాయి.

"ఇనుమంటే ఏంటో తెలిసిందా? గిన్నెలు తోమే ఇనుప పీచు. దాని ముక్కలు కూరలో పడుతున్నాయని ఆయనగారి అనుమానం. అడుగుదాం పద."

"అడగొద్దు. ఆయనంతట ఆయన చెప్పాలి. చెప్పకుండా డబ్బాలో పెట్టి పట్టుకెళ్ళిన మనిషిని నేనెందుకు అడగాలి?"

ఆ రాత్రి భోజనం దగ్గర ఆవిడ మాట్లాడలేదు. ఇన్‌స్పెక్టరు గారు తూకంలో మునిగి ఉండడం వల్ల ఆ సంగతి గమనించలేదు. పైగా ఇంట్లో ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ పని జరగలేదని సంతోషించారు.

బుధవారం పొద్దున ఆయన డబ్బా నింపి, చొక్కా వేసుకోవడానికి లోపలికి వెళ్ళారు. చొక్కా వేసుకుని, బొత్తాలు సరిచూసుకుని, దువ్వెన తీసి, లేని జుట్టు దువ్వి రావడానికి ఆయనకు సరిగ్గా పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ అత్తగారి చేతికి చిక్కాయి. ఆవిడ ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉన్న అయస్కాంతపు బొమ్మని, పసుపురంగు బాతుపిల్లని, పీకి తెచ్చి డబ్బా మీద అటూ ఇటూ తిప్పారు. ఆకుకూర మీద తిప్పారు. పప్పులో ముంచి తీశారు.

"ఏమీ అంటుకోవట్లేదే" అన్నారు, కాస్త నిరాశగానే.

"మరి పంపించేయ్."

"వాళ్ళ దగ్గర ఇంతకన్నా పెద్ద అయస్కాంతం ఉంటుందే పిచ్చిదానా. ఎందుకొచ్చిన గొడవ?"

ఆవిడ డబ్బాలోది మొత్తం గిన్నెలోకి వంపేసి, దాని స్థానంలో తెల్లటి అన్నం, పైన తెల్లటి పెరుగు వేసి మూత పెట్టారు. రవ్వంత నలుసు పడినా కనిపించేంత తెలుపు. బరువు మారితే ఆయన పట్టేస్తారని కూతురు భయపడి, చేత్తో డబ్బాని ఒకసారి ఎత్తి చూసి, "ఇంకో గరిటె పెరుగు వెయ్యి" అంది. వేశారు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి డబ్బా ఎత్తి, త్రాసు మీద పెట్టి చూసి, తృప్తిగా తలూపి పట్టుకెళ్ళిపోయారు.

ఇంతటితో ఆగినా బాగుండేది. కానీ ఆ సాయంత్రం భార్య, తల్లి మోకాలికి నొప్పి లేకపోయినా అలవాటుగా రాసే మందు కోసం సందు చివరి మందులషాపుకి వెళ్ళింది. షాపాయన ఆ వీధిలో అందరికీ సగం డాక్టరు.

"ఏమండీ, తిండిలో ఇనుము పరీక్ష చేస్తే ఏం చూస్తారు?" అని అడిగింది, ఎవరి గురించో అడుగుతున్నట్టు.

"ఎంత ఉందో చూస్తారమ్మా."

"ఉంటే తప్పా?"

"అయ్యో, లేకపోతే తప్పు! ఇనుము లేని తిండి తిండేనా? రక్తం ఎక్కడ్నుంచి వస్తుంది?"

ఆవిడకి డబ్బా గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున పంపింది పెరుగన్నం. ఇరవై నాలుగేళ్ళ వంటకి సున్నా మార్కులు పడే కాగితం తనే చేతులారా రాసి పంపినట్టయింది. మోకాలి మందు మరిచిపోయి, ఇనుము టానిక్ సీసా కొనుక్కుని ఇంటికొచ్చింది.

గురువారం పొద్దున ఆ పది నిమిషాల్లో ఇద్దరూ డబ్బా దగ్గర చేరారు. సీసా మీద "పెద్దలకు ఒక మూత" అని ఉంది. ఆవిడ ఒక మూత పప్పులో కలిపింది.

"నిన్నటి లోటు సంగతో?" అన్నారు అత్తగారు.

ఇంకో మూత కలిపింది.

"మొన్నటిది కూడా ఎలా ఉందో ఏమో. మనకేం తెలుసు?"

మూడో మూత. పప్పు కాఫీరంగులోకి తిరిగింది. పైన ఆకుకూర కప్పారు. ఆకుకూర కూడా ఆ రంగులోకి తిరుగుతుంటే మూత పెట్టేసి, ఇద్దరూ గిన్నెలు సర్దుతున్నట్టు అటు తిరిగారు.

శుక్రవారం మధ్యాహ్నం పరిశోధనశాల నుంచి ఇన్‌స్పెక్టరు గారికి ఫోను వచ్చింది. వెంటనే రమ్మన్నారు. వెళ్ళేసరికి శాస్త్రవేత్త కళ్ళ కింద నల్లచారలతో, ముందు రెండు కాగితాలతో కూర్చుని ఉంది. ఆమె పక్కన ఇనుము కొలిచే యంత్రం మూత విప్పి ఉంది.

"సార్, బుధవారం మీ డబ్బాలో ఇనుము దాదాపు లేదు. గురువారం డబ్బాలో మామూలు మనిషి రెండు వారాల్లో తినేదానికన్నా ఎక్కువ ఉంది. యంత్రం పాడైందేమోనని నిన్నట్నుంచి మూడుసార్లు విప్పాను. ఏం తిన్నారు సార్?"

"అన్నం, పప్పు, ఆకుకూర."

"అంతేనా? మేకులు, తాళంచెవులు లాంటివేమైనా..."

"మేడమ్!"

"క్షమించండి సార్. అడగడం నా బాధ్యత. ఇంట్లో ఎవరైనా డబ్బా ముట్టుకున్నారా?"

"మా ఇంట్లో ఎవరికీ ఈ సంగతే తెలియదు. మూడో నిబంధన. తూచింది నేను, మూత పెట్టింది నేను, తెచ్చింది నేను. నా తూకంలో తప్పు రాదు. వచ్చిందంటే అది మీ వైపు నుంచే రావాలి."

అలా అంటూ ఆయన చూపు అలవాటు కొద్దీ బల్ల మీద ఉన్న పెద్ద త్రాసు మీదికి పోయింది. వంగి చూశారు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశారు. దాని మీద ప్రభుత్వ ముద్ర గడువు దాటి తొమ్మిది రోజులైంది.

"ఇదీ సంగతి" అన్నారు, రోగం దొరికిన వైద్యుడిలా.

"సార్, ముద్ర గడువుకీ ఇనుముకీ సంబంధం లేదు. దరఖాస్తు పెట్టాం. మీ ఆఫీసులోనే ఆగింది."

"ఆగిందంటే ఎక్కడో లోపం ఉండబట్టే ఆగి ఉంటుంది."

సంచిలోంచి తీగ తీశారు, సీసపు బిళ్ళ తీశారు, పటకారు తీశారు. అయిదు నిమిషాల్లో త్రాసుకి సీలు పడింది. నోటీసు మూడు ప్రతులు రాసి, ఒకటి ఆమెకిచ్చి, ఒకటి గోడకి అంటించి, ఒకటి చొక్కా జేబులో పెట్టుకున్నారు. మిగతా తొమ్మిదిమంది సభ్యుల డబ్బాలు తూచడానికి వీల్లేక ఫ్రిజ్‌లో ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. రెండేళ్ళు తిరిగి అనుమతి తెచ్చుకున్న పరిశోధన ఆమెది. సోమవారంలోగా త్రాసు తెరవకపోతే పరిశోధన మూసెయ్యమని పైఅధికారి చెప్పి వెళ్ళాడు. ఆమె ఏడో నంబరు సభ్యుడి ఇంటి చిరునామా వెతికి రాసుకుంది.

ఆ సాయంత్రం ఉతకడానికి వేసిన చొక్కా జేబులు తడుముతుంటే నోటీసు ప్రతి బయటపడింది. ఆయన దాన్ని జేబులో ఒక బన్ను పక్కన పెట్టుకోవడం వల్ల కింది సగం నూనె పట్టి అక్షరాలు అలుక్కుపోయాయి. పై సగం మాత్రం స్పష్టంగా ఉంది.

"పరీక్షలో లోపము కనబడినందున సీలు చేయడమైనది. తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు వాడరాదు" అని కూతురు గట్టిగా చదివింది.

"దేనికి?" అన్నారు అత్తగారు.

"అక్కడే నూనె అయింది."

ఇద్దరూ మెల్లగా తలలు తిప్పి వంటింటి వంక చూశారు.

"వంటింటికి సీలు వేస్తాడే!" అన్నారు అత్తగారు గుసగుసగా. "సొంత వంటింటికి! ఎక్కడైనా విన్నామా?"

"వెయ్యనీ. ఆయనే తలుపు ముందు నిలబడి తాళం వేసుకోనీ." ఈసారి ఆవిడకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కోపంలో పని బాగా సాగుతుంది. శనివారం ఆయన ఒంటిపూట ఆఫీసుకి బయల్దేరగానే గిన్నెలు, మూకుళ్ళు, గరిటెలు, కుక్కరు, చివరికి టీ వడగట్టు కూడా పాత దుప్పటిలో మూటగట్టి మంచం కిందికి తోసేశారు. గోడలూ పొయ్యీ తప్ప వంటింట్లో ఏమీ మిగల్లేదు. సీలు వేసుకోవాలంటే గోడలకే వేసుకోవాలి.

పన్నెండున్నరకు తలుపు చప్పుడైంది. గుమ్మంలో శాస్త్రవేత్త. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో చిన్న త్రాసు. దానికి ముద్ర గడువు ఉందో లేదో ఆమె ముందే చూసుకుంది.

"నమస్కారమండీ. పరిశోధనశాల నుంచి వచ్చాను. మీ వంటింటి గిన్నెలు ఒకసారి చూడొచ్చా?"

"గిన్నెలు లేవు" అన్నారు అత్తగారు, గుమ్మానికి రెండు చేతులూ అడ్డంపెట్టి.

"లేవా?"

"లేవు. మేం వంట చెయ్యం."

"మరి ఏం తింటారండీ?"

"ఏమీ తినం."

శాస్త్రవేత్త పెన్ను తీసింది. ఏడేళ్ళుగా మనుషుల తిండి గురించి రాసుకుంటోంది కానీ ఇలాంటి సమాధానం ఇదే మొదలు. బుధవారం డబ్బా సంగతి దీంతో కొంత అర్థమైనట్టనిపించింది, గురువారం సంగతి మాత్రం ఇంకా అంతుపట్టలేదు.

"పెద్దమ్మగారూ, మీరు భయపడుతున్నట్టున్నారు. నేను మీ వంటకి వంక పెట్టడానికి రాలేదు. మీ అల్లుడుగారు మా పరిశోధనలో సభ్యుడు. ఆయన ఎంత ఇనుము తింటున్నారో కొలవడానికి, ఆయన తిన్నంత డబ్బాలో పెట్టమన్నాం. అంతే."

లోపలి నుంచి భార్య వచ్చింది. "అంటే పరీక్ష ఆయనకా?"

"ఆయనకే."

"నా పప్పుకి కాదా?"

"కాదండీ."

అత్తగారి చేతులు గుమ్మం మీంచి వాటంతటవే జారాయి. కూతురు గోడకి ఆనుకుని నిలబడి, ముందు నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది, ఆ తర్వాత ముఖం ఎర్రబడింది. "నాలుగు రోజులు! నాలుగు రోజులు నిద్రపోలేదు నేను. ఒక్క మాట చెప్తే ఆయన సొమ్మేం పోయింది?"

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు గారు మెట్లెక్కి వచ్చారు. శాస్త్రవేత్తని చూశారు, భార్యని చూశారు, మంచం కిందినుంచి సగం బయటికొచ్చిన మూటలో మెరుస్తున్న కుక్కరుని చూశారు.

"ఏమైంది? ఇల్లు మారుతున్నామా?"

ఎవరు ముందు చెప్పారో, ఎవరు తర్వాత చెప్పారో ఆయనకు సరిగ్గా వినబడలేదు. బాతుపిల్ల బొమ్మ, పెరుగన్నం, మూడు మూతల టానిక్ మాత్రం వరసగా వచ్చి చెవిలో పడ్డాయి. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"అయితే నా తూకం సరైనదే" అన్నారు చివరికి, దొరికిన ఒక్క ఆధారాన్నీ పట్టుకుని. "డబ్బా నేను తూచినప్పుడు సరిగ్గానే ఉంది. మార్చింది వీళ్ళు."

"మార్చిన తర్వాత కూడా తూచారుగా సార్, బుధవారం" అంది శాస్త్రవేత్త మెల్లగా. "అప్పుడూ సరిగ్గానే ఉందన్నారు."

ఆయన బల్ల మీది తన త్రాసు వంక చూశారు. ఆమె మూటలోంచి అన్నం గిన్నె, పప్పు గిన్నె తీయించింది. పొద్దుటి అన్నం ఇంకా ఉంది. "మీ త్రాసు మీద రెండొందల గ్రాములు తూచండి సార్. దాన్ని నా త్రాసు మీద చూద్దాం."

ఆయన తూచారు. ఆమె త్రాసు మీద నూట డెబ్భై ఒకటి వచ్చింది. మళ్ళీ తూచారు. రెండొందల పంతొమ్మిది. మూడోసారి ఊపిరి బిగబట్టి తూచారు. నూట ఎనభై ఎనిమిది. స్ప్రింగుకి తుప్పు పట్టి, ముల్లు తనకి నచ్చినచోట ఆగుతోంది.

"దీనికి ముద్ర ఎప్పుడు పడింది సార్?"

"ఇల్లు వ్యాపార స్థలం కాదు" అన్నారాయన నేల చూస్తూ.

"ఎప్పుడండీ?" అంది భార్య.

"పదకొండేళ్ళయింది."

శాస్త్రవేత్త ఆవిడ వైపు తిరిగింది. "మీరు రోజూ ఆయనకి ఎంత అన్నం పెడతారో ఒకసారి పెట్టి చూపిస్తారా?"

ఆవిడ గరిటె తీసుకుని, తల్లి ఏదో చెబుతుంటే వింటూనే, కంచం వంక పెద్దగా చూడకుండా పెట్టింది. నూట ఎనభై రెండు గ్రాములు. తీసేసి మళ్ళీ పెట్టమంది శాస్త్రవేత్త. నూట ఎనభై మూడు. మూడోసారి నూట ఎనభై రెండు. ఉప్పు చిటికెడు వేయమంది. మూడుసార్లూ అంకె కదల్లేదు.

 ఇన్‌స్పెక్టరు గారు వంగి, ఆ చిన్న త్రాసు అంకెలని ఒక దస్తావేజు చదివినట్టు చదివారు.

"చిటికెడంటే ఎంతట?" అని అడిగారు మెల్లగా.

"ఒక గ్రాములో మూడో వంతు సార్."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమిటోయ్?"

"చెప్పానుగా. చిటికెడని."

ఆయన లేచి నిలబడ్డారు. "మేడమ్, సీలు ఇవాళే తీసేస్తాను. దరఖాస్తు కూడా నేనే వెతికిస్తాను. తప్పు నాది." ఆ రెండు ముక్కలూ ఆయన నోట వినడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేకపోవడంతో అత్తగారు మోకాలు పట్టుకుని కూర్చున్నారు.

శాస్త్రవేత్తకి సగం ప్రాణం తిరిగొచ్చింది. ఉన్నంతలో ఏడో నంబరు లెక్క ఏమైనా దక్కుతుందేమోనని, "సార్ సోమవారం నుంచి నిజంగా ఏం తిన్నారో ఎవరైనా చెప్పగలరా?" అంది.

"నేను చెప్తాను" అంది భార్య. సోమవారం పొద్దున పప్పు రెండు గరిటెలు, రాత్రి వంకాయ కూర సగం వదిలేయడం, మంగళవారం గుడ్డు, తెల్లసొన తిని పచ్చసొన పక్కన పెట్టడం, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. శాస్త్రవేత్త పెన్ను పరిగెత్తింది. "ఇంక రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు పక్కన నువ్వుల బన్నులు. సోమవారం రెండు, మిగతా రోజులు మూడేసి."

"బన్నులా?" అంది శాస్త్రవేత్త తలెత్తి. "అవి డబ్బాలో లేవే."

"నిలబడి తిన్నవి..." అని నసిగారు ఇన్‌స్పెక్టరు గారు. "నీకెలా తెలిసింది?"

"జేబులో నువ్వులు. సోమవారం తక్కువ, తర్వాత ఎక్కువ."

శాస్త్రవేత్త రాయడం ఆపింది. ఏడో నంబరు సభ్యుణ్ణి తీసెయ్యక తప్పదని అందరికీ అర్థమైంది, ఆయనతో సహా. ఆమె కాగితాలు సర్దుకుంటూ, ఊరికే మాటవరసకి అన్నట్టు అడిగింది. "మరి మీరేం తిన్నారండీ ఈ వారం?"

"నేనా?" అంది ఆవిడ.

పైకి చూసింది. గరిటె వంక చూసింది. భర్త వదిలేసిన పచ్చసొన కూడా గుర్తున్న మనిషి, వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మొదటి వేలి దగ్గరే ఆగిపోయింది.

"ఏదో... అందరూ తిన్నాక ఉన్నది. అన్నం ఉంటుందిగా. పప్పు ఉంటే పప్పు."

"నిన్న రాత్రి?"

"నిన్న రాత్రి..." ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది. "అబ్బ, గుర్తులేదండీ. మాడిన అడుగు అనుకుంటా."

అత్తగారు కూతురి వంక చూశారు. తను కూడా అలాగే తిని బతికినట్టు గుర్తొచ్చిందో ఏమో, కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇన్‌స్పెక్టరు గారు ఇరవై ఆరేళ్ళుగా తక్కువ తూకాలు పట్టుకున్న మనిషి. తన ఇంట్లో, తన ఎదురుగా, రోజుకి రెండుపూటలా జరిగిన తక్కువ తూకం ఇదొకటుందని ఆయనకి అప్పుడు తెలిసింది. లేచి వెళ్ళి మంచం కిందినుంచి మూటని వంటింట్లోకి ఈడ్చుకొచ్చి, గిన్నెలు ఒక్కొక్కటిగా అరల్లో పెట్టసాగారు. పెద్దవి పైన, చిన్నవి కింద. అన్నీ తప్పు చోట్లలోనే.

"ఆడవాళ్ళకి మగవాళ్ళకన్నా ఎక్కువ ఇనుము కావాలండీ" అంది శాస్త్రవేత్త. "కానీ మా పదిమందిలో ఆడవాళ్ళు ఇద్దరే. మగవాళ్ళు నోటీసు చూడగానే వచ్చేస్తారు, ఆరోగ్యవంతులని రాశాం కదా. మీరు వస్తారా? ముందు రక్తం చూస్తాను. ఏడో నంబరు ఖాళీగా ఉంది. మీ అంత సరిగ్గా కొలిచేవాళ్ళు నాకింతవరకు దొరకలేదు."

"ఏం చెయ్యాలి?"

"మీరు తినాలి. అంతే. కూర్చుని, మీకు కావలసినంత. దానికి జతగా రెండో కంచం ఎవరైనా పెట్టాలి."

ఆవిడ వంటింట్లోకి చూసింది. అక్కడ ఇన్‌స్పెక్టరు గారు టీ వడగట్టుని ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నేను పెడతాను" అన్నారాయన. "కొలిచి."

శాస్త్రవేత్త కొత్త కాగితం తీసింది. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, మూడో నిబంధన గట్టిగా చదివి, భర్తకి వినబడిందో లేదో చూసుకుని, సంతకం పెట్టింది. కింద ఇంకా రెండు గడులున్నాయి. "ఇంట్లో తూకం వేసేవారు" అన్నచోట "మా ఆయన" అని రాసింది. పక్కన "అనుభవం" అన్నచోట పెన్ను కాసేపు ఆపి, ఇరవై ఆరేళ్ళూ లెక్కలోకి తీసుకుని, "కొత్త, నేర్పిస్తున్నాను" అని రాసింది.